సైలెన్సరులో మసి

మా వదిన డ్రైవింగ్ పరీక్ష మూడుసార్లు తప్పింది. నాలుగోది శుక్రవారం పొద్దున పదకొండింటికి. సరిగ్గా దానికి ముందురోజు, గురువారం మధ్యాహ్నం రెండింటికి, నా బండి ఎత్తు రోడ్డు సగం ఎక్కి అక్కడ కూలబడింది.

పూర్తిగా ఆగిపోయినా బాగుండేది, దిగి తోసుకుంటూ పోయేవాళ్ళం. అలా కాదు. యాక్సిలరేటరు నేలకంటా తొక్కినా పదిహేను దాటదు. డాష్‌బోర్డు మీద నేనెప్పుడూ చూడని దీపాలు రెండు వెలిగాయి. వెనక ఒక పాలవ్యాను, దాని వెనక స్కూలు బస్సు. అందరూ హారన్ల మీద చెయ్యి తీయకుండా మోగిస్తున్నారు.

"నేనేం చేయలేదు," అంది వదిన.

"నువ్వేం చేయడం లేదు కాబట్టే ఎక్కడం లేదు. తొక్కు!"

"తొక్కాను. ఇంకా తొక్కితే కాలు రోడ్డుమీదికొస్తుంది."

"తాళం తియ్యి."

"ఇక్కడా? వెనక బస్సుందే!"

"బస్సున్నా, బస్సుడిపో ఉన్నా అంతే. తాళం తీసి ఒళ్ళో పెట్టుకో. ఏం తప్పు చేశావో చెప్పు."

ఇది నా పద్ధతి. పందొమ్మిదేళ్ళుగా డ్రైవింగ్ నేర్పుతున్నాను. బండి ఒక్కటే, పంతులమ్మను నేనొక్కదాన్నే. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళెవరూ ఇంతవరకు బండికి ఒక గీత పెట్టలేదు. ఎందుకంటే తప్పు చేసిన మరుక్షణం పక్క సీట్లో నా కాలికింద ఉన్న రెండో బ్రేకు నేను తొక్కేస్తాను. వాళ్ళు ఇంజను ఆపి, తాళం తీసి, ఒళ్ళో పెట్టుకుని, చేసిన తప్పేమిటో నోటితో చెప్పాలి. చెబితేనే మళ్ళీ తాళం పెట్టడం. ఒక గంట పాఠంలో ఇరవైసార్లు తాళం తీసినవాళ్ళున్నారు. మా వదిన రికార్డు ముప్పై నాలుగు. నలభై వేగం దాటనివ్వను. దాటడానికి వాళ్ళకు వ్యవధి కూడా ఉండదు లెండి.

వదిన తాళం ఒళ్ళో పెట్టుకుని బస్సు వైపు అద్దంలోంచి చూసింది. "నా తప్పేంటంటే," అంది, "నిన్ను పంతులమ్మగా పెట్టుకోవడం."

ఆడబిడ్డ అర్ధమొగుడని ఊరికే అనలేదు పెద్దలు. కాని మా వదిన దగ్గర ఆ అర్ధం కూడా చెల్లదు.

అసలు సంగతి చెప్పాలి. వదిన నర్సు. మంచం దిగలేని పేషెంట్ల ఇళ్ళకు వెళ్ళి పుళ్ళకు కట్లు మార్చడం, గొట్టాలు మార్చడం ఆవిడ పని. మొత్తం పదకొండు ఇళ్ళు, అన్నీ దూరాలే. అన్నయ్య రిటైరయ్యాక అతనే కారులో తిప్పేవాడు. ఎనిమిది నెలల కిందట కళ్ళ డాక్టరు అతన్ని ఇక స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. అప్పట్నుంచి వదిన బస్సుల్లో తిరుగుతోందని అన్నయ్య చెప్పాడు. బస్సుల్లో తిరిగితే రోజుకు పదకొండు ఇళ్ళు కావు కదా. అన్నయ్య కళ్ళ సంగతి తెలిసి ఆఫీసువాళ్ళు సోమవారంలోగా లైసెన్సు చూపించమన్నారు. లేకపోతే ఆ ఇళ్ళు ఇంకొకరికిచ్చి, ఆవిడను మందుల స్టోరులో కూర్చోబెడతారు. శుక్రవారం పరీక్ష తప్పితే మళ్ళీ తేదీ దొరికేది రెండు నెలల తర్వాతే.

పరీక్షకు రెండు బ్రేకులున్న స్కూలు బండే తేవాలని రూలు. మా పేటలో అలాంటి బండి నాది కాక ఇంకొక డ్రైవింగ్ స్కూలువాడి దగ్గర ఉంది. ఎత్తు రోడ్డు మీద నుంచే వాడికి ఫోన్ చేశాను.

"రేపు ఖాళీ లేదక్కా," అన్నాడు. "ఉన్నా ఇవ్వను. మీ దగ్గర నేర్చుకున్నవాళ్ళు నా బండెక్కి నిమిషానికోసారి తాళం తీస్తుంటే నా బండికి పిచ్చెక్కుతుంది."

నా అరికాలి మంట నెత్తికెక్కింది. ఫోను సీటు మీద విసిరేశాను. పాలవ్యాను డ్రైవరు దిగొచ్చి, పాపం మంచివాడు, బండిని పక్కకు తిప్పడానికి చెయ్యేశాడు.

మెకానిక్కు షెడ్డు అక్కడికి కిలోమీటరు. పదిహేను వేగంతో పాకుతూ వెళ్ళాం. అతని అసలు పేరెవరికీ గుర్తులేదు. కొంపలంటుకున్నాయని పరిగెత్తుకెళ్ళినా "తొందరేముందమ్మా" అంటాడు కాబట్టి అందరూ తొందరయ్య అంటారు. మేం వెళ్ళేసరికి ఒక స్పానరును గుడ్డతో తుడుస్తున్నాడు.

"తొందరయ్యా, రేపు పదకొండింటికి పరీక్ష. బండి ఎక్కడం లేదు."

"తొందరేముందమ్మా. చూద్దాం." స్పానరు తుడవడం పూర్తిచేసి, దాన్ని మేకుకు తగిలించి, అప్పుడు లేచాడు.

స్టీరింగు కింద ఉండే రంధ్రంలో స్కానరు తీగ గుచ్చాడు. అరచెయ్యంత మెషీను. దాని తెర చూసి, డాష్‌బోర్డు చూసి, మళ్ళీ తెర చూసి, గోటితో డాష్‌బోర్డు మీద ఒక మూల గీకాడు. అక్కడ నేనంటించిన నల్లటి కరెంటు టేపు ముక్క ఊడి అతని వేలికి అంటుకుంది. దాని కింద నారింజ రంగు దీపం వెలుగుతోంది.

"ఇదెవరు అంటించారమ్మా?"

"నేనే. నేర్చుకునేవాళ్ళు ఊరికే అది చూసి 'మేడమ్, అదేంటి, మేడమ్, అదేంటి' అని రోడ్డు వదిలేస్తున్నారు. బండి బాగానే నడుస్తోంది కదా అని..."

"ఎన్నాళ్ళయింది?"

"మూణ్ణెల్లు. నాలుగేమో."

తొందరయ్య టేపు ముక్కను జాగ్రత్తగా షర్టు గుండీకి అంటించుకున్నాడు. తర్వాత చెప్పాడు. డీజిల్ బండి పొగలో మసి ఉంటుంది. అది గాల్లోకి పోకుండా సైలెన్సరు గొట్టంలో ఒక జల్లెడ పట్టుకుంటుంది. ఫిల్టరంటారు దాన్ని. నిండగానే బండి దానంతటదే ఇంకాస్త డీజిల్ పంపి, గొట్టాన్ని నిప్పులా వేడి చేసి, ఆ మసిని కాల్చేసుకుంటుంది. దానికి ఇరవై, ముప్పై నిమిషాలు ఆపకుండా వేగంగా పోవాలి. మధ్యలో ఇంజను ఆపితే ఆ పని అక్కడితో ఆగిపోతుంది. మసి మిగులుతుంది, పైన కొత్తది చేరుతుంది.

"నీ బండి కాల్చడం ఎన్నిసార్లు మొదలెట్టిందో ఇందులో రాసుంది," అని తెర నాకు చూపించాడు. "అరవై ఒక్కసారి. ఎన్నిసార్లు పూర్తయిందో కూడా రాసుంది. సున్నా."

నేను తెర చూశాను. వదిన నన్ను చూసింది. ఆ చూపు అన్న మాటలన్నీ నాకు వినబడ్డాయి.

"అయితే ఇప్పుడేం చేద్దాం? ఇక్కడే కాల్చెయ్."

"నిలబెట్టి కాల్చొచ్చు. గొట్టం ఆరువందల డిగ్రీలకు పోతుంది. అదిగో, గోడవతల పరుపుల కొట్టు. నిండా స్పాంజీ. వద్దమ్మా."

"కొత్త ఫిల్టరు వెయ్యి."

"పది రోజులకొస్తుంది."

"తొందరయ్యా!"

"తొందరేముందమ్మా, దారుంది." మెషీను మీద ఏవో నొక్కాడు. "తాళం విప్పినట్టు విప్పాను దీన్ని. ఇప్పుడు బండికి బలమొస్తుంది. ఊరవతల పెద్ద రోడ్డెక్కి, నాలుగో గేర్లో ఎనభై తగ్గకుండా అరగంట పోండి. ఈ మెషీను ఊడదీయొద్దు, ఇందులో వేడి ఎంతో, మసి ఎంతో కనబడుతుంటుంది. మసి ఇప్పుడు నూటికి తొంభై రెండు. పదిహేను కిందికి రావాలి. బండి పొరపాటున ఆగినా వెంటనే స్టార్ట్ చేస్తే ఫర్లేదు. తాళం తీశారో, ఆ కాల్చడం పోయినట్టే. ఇలా రెండుసార్లే ఒప్పుకుంటుంది మెషీను. రెండోదీ పోతే లాకు పడుతుంది, ఇక కొత్త ఫిల్టరే."

"నువ్వే తీసుకెళ్ళరాదూ?"

"నాకు లైసెన్సెక్కడిదమ్మా?" అన్నాడు తొందరయ్య. ముప్పై ఏళ్ళుగా ఊళ్ళో బండ్లన్నీ బాగుచేస్తున్న మనిషి. "నీ దగ్గర నేర్చుకుందామనుకున్నా గానీ, భయమేసింది."

నేనే స్టీరింగు పట్టుకున్నాను. వదిన పక్క సీట్లో మెషీను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెద్ద రోడ్డెక్కేసరికి మూడున్నర. బండికి నిజంగానే బలమొచ్చింది. అరవై, డెబ్భై, ఎనభై. ఆ బండిలో ఎనభై అన్న అంకె దగ్గరికి ముల్లు వెళ్ళడం నేనెన్నడూ చూడలేదు. స్టీరింగును రెండు చేతులా గట్టిగా పట్టుకున్నాను.

"వేడి నాలుగువందల యాభై," అంది వదిన. "మసి తొంభై ఒకటి. నీ మొహం తెల్లబోయింది."

"నా మొహం సంగతి మెషీన్లో ఉందా? అంకెలు చదువు."

ఒక మాట ఒప్పుకోవాలి. పందొమ్మిదేళ్ళుగా నేను కూర్చునేది పక్క సీట్లో. బండి నేను నడిపేది ఇంటి నుంచి మొదటి పాఠానికి, చివరి పాఠం నుంచి ఇంటికి, రెండేసి వీధులు. ఎవరితోనూ అనలేదు గానీ, బ్రేకు తొక్కే కాలు తప్ప నాకు మిగతా కాళ్ళు చేతులు పనిచేయడం మానేసి చాలాకాలమైంది.

ఐదో నిమిషంలో ఎదర రోడ్డు పని జరుగుతోంది. డబ్బాలు పేర్చి దారి సన్నం చేశారు, ముందు లారీ వేగం తగ్గించింది. నేనూ తగ్గించాను. ఇంకా తగ్గించాను. క్లచ్ తొక్కడం మరిచిపోయాను. బండి రెండు ఊపులూగి ఠపీమని ఆగిపోయింది.

"స్టార్ట్ చెయ్యి!" అంది వదిన. "వెంటనే చెయ్యమన్నాడుగా, స్టార్ట్ చెయ్యి!"

నేను ఏం చేశానో నాకు తెలియదు. చెయ్యి దానంతటదే చేసింది. చూసుకుంటే తాళం నా ఒళ్ళో ఉంది. రెండు చేతులూ దాని పక్కన బుద్ధిగా ఉన్నాయి. క్లచ్ తొక్కకుండా బ్రేకు తొక్కాను అని నోటిదాకా వచ్చింది కూడా.

వదిన మెషీను వైపు చూసింది. అది ఒకసారి కీచుమంది. ఆవిడ తల తిప్పి నన్ను చూసి, చాలా నెమ్మదిగా అడిగింది.

"ఏం తప్పు చేశావో చెప్పు."

సిగ్గుతో చచ్చిపోయాను. కోపంతో కూడా. వెనక హారన్లు. పార పట్టుకున్న రోడ్డు పనివాడొకడు మా పైనున్న 'నేర్చుకుంటున్నారు' బోర్డు చదివి, స్టీరింగు దగ్గరున్న నన్ను చూసి జాలిగా తలూపాడు. తొందరయ్యకు ఫోన్ చేశాను.

"పోయిందా?" అన్నాడు. "తాళం తీశావా?"

"తీశాను."

"వదినగారు తీయించారా?"

"నేనే తీశాను! ఎన్నిసార్లు చెప్పించుకుంటావ్?"

"తొందరేముందమ్మా, ఇంకొకటుంది. ఒక్కటే. ఈసారి ఆవిడకివ్వు."

ఫోను స్పీకరు మీదుంది. వదిన అప్పటికే తలుపు తీసుకుని దిగి, బండి చుట్టూ తిరిగి నా వైపు వచ్చి నిలబడింది.

"దిగు," అంది.

"వదినా, ఇది ఎనభై. నువ్వు నలభై కూడా..."

"నలభై దాటనిచ్చిందెవరు? దిగు తల్లీ."

దిగాను. పక్క సీట్లో కూర్చోబోతుంటే చెయ్యడ్డం పెట్టింది. "కాళ్ళు కింద పెట్టడానికి వీల్లేదు. బాసింపట్టు వేసుకుని కూర్చో."

"ఏంటి?"

"నీ కాలు బ్రేకు మీదికి దానంతటదే పోతుంది, నాకు తెలుసు. చెప్పులిప్పి, కాళ్ళు మడిచి, పైకి పెట్టుకో. బెల్టు పెట్టుకో. మెషీను పట్టుకుని అంకెలు చదువు. అంకెలు తప్ప ఇంకో మాటొస్తే నిన్ను ఇక్కడే దింపేసి పోతా."

యాభై ఏళ్ళ మనిషిని, పురాణం వినడానికి వచ్చినదానిలా సీట్లో కాళ్ళు మడుచుకుని, ఒళ్ళో మెషీను పెట్టుకుని కూర్చున్నాను. వదిన అద్దాలు సరిచేసుకుంది, వెనక చూసింది, బండి తీసింది. మూడో గేరు, నాలుగో గేరు. నాకంటే మెత్తగా వేసిందని చెప్పడానికి నాకిప్పటికీ మనసొప్పదు.

"వేడి మూడువందలు. మసి తొంభై మూడు."

"ఊఁ."

"వేడి ఐదువందలు. మసి తొంభై మూడే. దిగడం లేదు."

"దిగుతుంది. తొందరేముంది?"

బండి కింద నుంచి ఇనుము కాలుతున్న వాసన రావడం మొదలైంది. ముందు ఫ్యాను హోరుమంటోంది. ఇదే వాసన, ఇదే హోరు నాకు బాగా తెలుసు. పాఠాల మధ్యలో వచ్చేది. వచ్చినప్పుడల్లా బండి వేడెక్కిపోయిందని నేనే ఇంజను ఆపించేదాన్ని. చల్లారేదాకా చెట్టు నీడన నిలబెట్టి, క్లచ్ మీద కాలు పెట్టినందుకు ఆ రోజు బండిలో ఉన్నవాళ్ళను దులిపేసేదాన్ని. ఆ అరవై ఒక్కసార్లలో ఎన్ని అలా పోయాయో లెక్కేసుకుంటే తల తిరిగింది.

"వేడి ఆరువందల పది. మసి... ఎనభై నాలుగు! వదినా, దిగుతోంది!"

"అంకెలు తప్ప మాట్లాడొద్దన్నా."

అప్పుడే పక్క దారి నుంచి ఒక ఇసుక లారీ, చూడకుండా, మా ముందుకు వచ్చేసింది. నా కుడి మోకాలు ఎగిరి డాష్‌బోర్డుకు కొట్టుకుంది. నోరు తెరిచాను. వదిన అద్దం చూసింది, పక్క వరుస ఖాళీగా ఉందని చూసుకుంది, అందులోకి జరిగింది, లారీని దాటింది, మళ్ళీ వరుసలోకి వచ్చింది. ముల్లు ఎనభై మీద నుంచి కదలలేదు. తెరిచిన నోరు ఏం చేయాలో తెలియక మూసుకున్నాను.

నేను అంకెలు చదువుతూ పోయాను. డెబ్భై ఆరు. అరవై తొమ్మిది. తర్వాత వదిన రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అంది.

"మీ అన్నయ్య ఇంకా నడుపుతున్నారు."

"ఏం నడుపుతున్నాడు?"

"కారు. నన్ను రోజూ ఆయనే దింపుతున్నారు. బస్సుల్లో పోతున్నానని నీతో చెప్పమన్నారు. నేను మొదటిసారి తప్పిన రోజు సాయంత్రమే తీశారు కారు. 'నేనుండగా నువ్వు బస్సుల్లో వేలాడ్డమేంటి' అన్నారు. నేను పక్కన కూర్చుని చెబుతుంటా. ఎదర సైకిలు వస్తోందండీ, కుడిపక్క గుంతండీ, ఎర్రలైటు పడిందండీ, ఆపండి. ఆయన ఆపుతారు. పదకొండు ఇళ్ళు తిరిగి వచ్చేసరికి నాకు ప్రాణం అరచేతిలో ఉంటుంది."

"మరి ఎక్కడం మానెయ్."

"నేను మానేస్తే ఆయన ఒక్కరే తీస్తారు. పోయిన వారం అలాగే తీశారు, కూరగాయలకని. నన్ను ఎక్కించుకుంటే కనీసం రెండు కళ్ళుంటాయి బండిలో. నాకు లైసెన్సొచ్చి, ఆ కారు నేను తీసుకుపోతే తప్ప ఈయన ఆగరు."

"యాభై ఎనిమిది," అన్నాను. తర్వాత, అన్నయ్య చెల్లెల్ని కదా, ఊరుకోలేకపోయాను. "వదినా, అన్నయ్య అంత తెలివితక్కువవాడు కాదు. మరీ కనబడకపోతే ఎందుకెక్కుతాడు? డాక్టర్లు ఉన్నదానికి రెండింతలు చెబుతారు. ఏదో కాస్త మసకగా ఉండుంటుంది. మొన్న నేను గేటు తీస్తుంటేనే 'ఏమ్మా, వచ్చావా' అన్నాడు."

"గేటు అంత మోతగా తీసేది నువ్వొక్కదానివే."

"అది కాదు..."

"నువ్వెప్పుడూ ఆయన చెల్లెలివే."

"సరే, నిజమే అనుకో. ఇంత సంగతి నాకెందుకు చెప్పలేదు? రోజూ గంటసేపు నా పక్కనే కూర్చుంటావే!"

వదిన అప్పుడు నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు. "ఎన్నిసార్లు మొదలెట్టానో తెలుసా? 'మీ అన్నయ్య గురించి ఒక మాట' అంటాను. 'రోడ్డు చూడు' అంటావు. 'కారు విషయం' అంటాను. బ్రేకు తొక్కి 'తాళం తియ్యి' అంటావు. పోయిన సోమవారం గట్టిగా అనుకుని ఎక్కాను, ఇవాళ చెప్పేస్తానని. ముప్పై నాలుగుసార్లు తాళం తీయించావు ఆ రోజు. ఇంకోసారి మొదలెట్టబోయి నాకే చిరాకేసి ఊరుకున్నా."

కాళ్ళు తిమ్మిరెక్కాయి. దించుకోలేదు.

"నలభై ఒకటి," అన్నాను.

పెద్ద రోడ్డు మీద ఒక ఊరి చివర నుంచి ఇంకో ఊరి చివరికి వెళ్ళాం. వదిన మిగతాదంతా చెప్పింది. నేను మధ్యలో అంకెలు మాత్రం చదివాను. ముప్పై. ఇరవై రెండు. పద్దెనిమిది. పదమూడు దగ్గర మెషీను ఒకసారి కూసి, ఆకుపచ్చగా వెలిగింది. బండి కింద హోరు తగ్గింది. నారింజ దీపం ఆరిపోయింది.

తొందరయ్యకు ఫోన్ చేశాను. "చూశావా, తొందరేముందన్నానా?" అన్నాడు. "ఆ టేపు ముక్క నా దగ్గరే ఉంది, కావాలంటే పట్టుకెళ్ళు." తిట్టడానికి కూడా ఓపిక లేదు నాకు. వదిన ఎక్కడా ఆపకుండా బండిని ఇంటిదాకా తెచ్చింది.

మర్నాడు పరీక్ష దగ్గర నన్ను కంచె బయట నిలబెట్టారు, ఎప్పటిలాగే. నా సీట్లో ఇన్‌స్పెక్టరు కూర్చున్నాడు. పోయిన మూడుసార్లూ వదిన ప్రతి మలుపు దగ్గరా బండి నిదానం చేసి కంచె వైపు, అంటే నా వైపు, చూసింది. నేను ఏమంటానోనని. అలా చూస్తుండగానే ఒకసారి గీత దాటింది, ఒకసారి డబ్బా పడగొట్టింది, ఒకసారి ఎత్తు మీద వెనక్కి జారింది. ఆ మూడుసార్లూ ఇంటికెళ్ళాక నేనామెను తిట్టాను కూడా. ఈసారి ఆవిడ ఒక్కసారి కూడా నా వైపు చూడలేదు. ఎత్తెక్కింది, ఆగింది, జారకుండా కదిలింది, వెనక్కి నడిపి గీతల మధ్య పెట్టింది. పన్నెండు నిమిషాలు. పాసని ముద్రేసిన కాగితం చేతిలో పెట్టారు.

వదిన ఆ కాగితం నాకు చూపించి, మడిచి, జాకెట్లో పెట్టుకుంది. నేను డ్రైవరు తలుపు వైపు వెళ్ళబోతే, "నువ్వటు," అంది. నేనటే ఎక్కాను. ఏడవకూడదనుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. దారంతా నేను ఒక్క మాట అనలేదు. మా ఇంట్లో ఎవరూ నమ్మరు.

అన్నయ్య గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అతని వెనక, కారు మీద కప్పిన గుడ్డ తీసేసి ఉంది, బయటికి తీయడానికి సిద్ధంగా. వదిన బండిని అతని పక్కకు తెచ్చి ఆపి, అద్దం దించింది.

అన్నయ్య శబ్దం వచ్చిన వైపు నడిచి, చెయ్యి చాచి తలుపు తడుముకుని, కిటికీలోకి వంగాడు. మిట్టమధ్యాహ్నం. ఎండ నేరుగా వదిన మొహం మీద పడుతోంది. అతని మొహానికీ ఆవిడ మొహానికీ మధ్య జానెడు దూరం.

"ఏమ్మా, మాట్లాడవేం?" అన్నాడు ఆవిడతో. "మళ్ళీ తప్పిందా మీ వదిన? సరేలే, దాన్నేమీ అనకు చెల్లాయ్. నీకు తిట్టడం తప్ప ఇంకేం రాదు. అది నీకంటే మంచి డ్రైవరు, భయపెట్టి చెడగొట్టావ్. రేపట్నుంచి కూడా నేనే దింపుతాలే, నాకు బాగానే కనబడుతోంది. వెనక కూర్చుందా? ఏడుస్తోందా?"

పక్క సీట్లోంచి పిలవబోయి ఆగాను. వదిన రెండు చేతులూ స్టీరింగు మీద అలాగే ఉంచి, తల తిప్పి భర్తను చూస్తోంది. అతను కూడా ఆవిడనే చూస్తున్నాడు, చెల్లెలి జవాబు కోసం.

"నేనేనండీ," అంది వదిన.

అన్నయ్య వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు. తర్వాత చెయ్యి లోపలికి పెట్టి, ఆవిడ చెంప ఎక్కడుందో వెతుక్కుని, వేళ్ళతో తాకాడు.

"పాసయ్యావా?" అన్నాడు.

"అయ్యాను."

అన్నయ్య బానెట్టు మీద చెయ్యి ఆనించుకుంటూ, బండి ముందు నుంచి ఒక్కో అడుగూ వేసుకుంటూ నా వైపుకు వచ్చాడు. నేను తలుపు తీసి దిగి, అతన్ని నా సీట్లో కూర్చోబెట్టాను. వదిన వంగి అతనికి బెల్టు పెట్టింది.

"ముందు ఎవరింటికి?" అన్నాడు అన్నయ్య, ఎదుటి అద్దం వైపు చూస్తూ.

"మేడమీద పెద్దాయనింటికి. నిన్నటి కట్టు అలాగే ఉండిపోయింది."

నేను వెనక సీట్లో ఎక్కి తలుపు వేసుకున్నాను.